ఇసుక వేస్తే రాలని జనం ఎందరు?

ఒక సభకు జనం విశేషంగా వచ్చినారని చెప్పడానికి తెలుగువాడికి మాటల కొరత ఏనాడూ లేదు. ఇసుక వేస్తే రాలలేదంటాడు. నేల ఈనినట్లున్నదంటాడు. తండోపతండాలు, చీమల దండు, జనసముద్రం - ఇటువంటి మాటలు అలవోకగా నోటికి వస్తవి. కాని, "అది సరే, ఎంతమంది వచ్చినారు?" అని ఎదుటివాడు నిలదీస్తే మాత్రం మాట తడబడుతుంది. సభ జరిపినవారు లక్ష అంటారు. బందోబస్తుకు వచ్చిన పోలీసు అధికారి ఇరవై వేలంటాడు. మరునాటి పత్రికలు రెండు అంకెలనూ పక్కపక్కన అచ్చువేసి తీర్పును పాఠకుడికి వదలివేస్తవి. పాఠకుడు తన అభిమానాన్నిబట్టి ఒకదాన్ని నమ్ముతాడు. లేదా రెంటినీ కూడి సగం చేసి తృప్తి పడతాడు. ఈ రెండూ సత్యానికి దారులు కావు. ఇద్దరు చెరొక అబద్ధం ఆడినప్పుడు ఆ రెండు అబద్ధాల నడిమధ్యనే నిజం ఉండి తీరవలెనన్న నియమం ఏదీ లేదు.

విచిత్రమేమంటే, ఈ చిక్కును విప్పే తాళంచెవి సగం తెలుగు నుడికారంలోనే దాగి ఉన్నది. "ఇసుక వేస్తే రాలదు" అన్న మాటను నిదానించి చూడవలెను. ఆ మాట జనసంఖ్యను చెప్పడం లేదు. మనిషికీ మనిషికీ నడుమ చోటు ఎంత తక్కువగా ఉన్నదో చెబుతున్నది. అంటే అది సాంద్రతను గురించిన మాట. ఇసుక రాలనంత ఒత్తుగా ఒక చిన్న సందులో మూడు వందల మంది నిలబడవచ్చును; ఒక పెద్ద మైదానంలో మూడు లక్షల మంది నిలబడవచ్చును. కనుక సాంద్రతతోపాటు తెలియవలసినది మరొకటి ఉన్నది: ఆ జనం ఎంత నేలమీద పరచుకొని ఉన్నారన్నది. ఈ రెంటినీ జతచేస్తే జనసంఖ్య తేలుతుంది. చేనులో ఒక చిన్న మడిని కొలిచి కోసి, వచ్చిన గింజలను తూచి, మొత్తం చేనికి దిగుబడిని కట్టే పంట కోత ప్రయోగంలో జరిగేదీ ఇదే లెక్క.

లెక్క ఇంత సులువైనప్పుడు వివాదం ఎందుకన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. జనసంఖ్య వెనుక బలాబలాలు ఉన్నవి గనుక. ఎన్నికల్లో ప్రజల అభిప్రాయాన్ని ఓట్ల పెట్టె ఒక్కొక్కటిగా లెక్కించి చెబుతుంది. రెండు ఎన్నికల నడుమ ప్రజ తన అసమ్మతిని తెలుపవలెనంటే వీధిలోకి వచ్చి నిలబడుతుంది. భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును పౌరుడికి ఇచ్చింది కూడా ఇందుకోసమే. కాని వీధిలో బ్యాలెట్ పత్రాలు ఉండవు, లెక్కింపు ఏజెంట్లు ఉండరు. సంఖ్యే అక్కడి స్వరం. దాన్ని పెంచి చెప్పేవాడు దొంగ ఓట్లు వేసినవాడితో సమానుడు. తగ్గించి చెప్పేవాడు పడిన ఓట్లను దాచినవాడితో సమానుడు.

బర్కిలీలో ఒక కిటికీ

గుంపును పద్ధతిగా లెక్కించడం ఎలాగో పత్రికా లోకానికి నేర్పినవాడు హెర్బర్ట్ జేకబ్స్. ఆయన అమెరికాలో చాలాకాలం పత్రికా విలేఖరిగా పనిచేసి, తరువాత బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పత్రికా రచనను బోధించినాడు. 1960 దశాబ్దంలో ఆ విశ్వవిద్యాలయం విద్యార్థి ఉద్యమాలకు కేంద్రంగా ఉండేది. 1964లో వాక్‌స్వాతంత్ర్యం కోసం ఉద్యమం నడిచినది. తరువాత వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా సభలు సాగినవి. ఈ సభలు జరిగే స్ప్రౌల్ ప్లాజా అనే ఆవరణ జేకబ్స్ కిటికీలోనుంచి చక్కగా కనిపించేది.

ఆ ఆవరణలోని నేల గళ్ళుగళ్ళుగా విభజింపబడి ఉండడం ఆయన గమనించినాడు. ఒక్కొక్క గడి వైశాల్యం కొలిస్తే తెలిసేదే. జనం గుమిగూడినప్పుడు కొన్ని గళ్ళలో ఎందరు నిలబడినారో లెక్కించి, సగటు తీసి, మొత్తం ఎన్ని గళ్ళు నిండినవో చూసి గుణించినాడు. ఒక్క సభతో ఊరుకోలేదు; అనేక సభలను ఈ విధంగా పరిశీలించి మూడు స్థూల సూత్రాలు ఏర్పరచినాడు. జనం చేయి చాపినంత దూరంలో పలుచగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు కావలెను. ఒత్తుగా నిలబడితే నాలుగున్నర చదరపు అడుగులు చాలును. భుజాలు రాసుకొనేటంతగా కిక్కిరిసి ఉంటే రెండున్నర చదరపు అడుగులు. యంత్రాలు లేవు, ధనవ్యయం లేదు. ఒక కిటికీ, కొంచెం ఓపిక, నాలుగో తరగతి గణితం. నేటికీ గుంపులను లెక్కించేవారు మొదట తలచుకొనేది ఈ సూత్రాలనే.

ఈ లెక్కను తెలుగువారికి పరిచితమైన ఎకరంలోకి మార్చి చూస్తే మరింత తేటపడుతుంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. పలుచగా నిలబడితే ఎకరంలో సుమారు 4,350 మంది పడతారు. ఒత్తుగా నిలబడితే 9,700 మంది. కిక్కిరిసి నిలబడితే 17,400 మంది. కాబట్టి "ఒత్తుగా నిలిచిన జనం ఎకరానికి పదివేలు" అని జ్ఞాపకం పెట్టుకొంటే చాలును. "పది లక్షల మంది సభకు వచ్చినారు" అన్న వార్త చదవగానే, వారందరూ ఒత్తుగా నిలబడడానికి నూరు ఎకరాలకు పైగా ఖాళీ నేల కావలసి ఉంటుందని ఈ ఒక్క వాక్యమే హెచ్చరిస్తుంది. అంత మైదానం ఆ ఊళ్ళో ఉన్నదా అన్నది పాఠకుడు ఇంట్లో కూర్చుండే తేల్చుకోగల విషయం.

ముందు వరుస, వెనుక వరుస

అయితే సూత్రాన్ని గుడ్డిగా వాడితే అదే పొరపాట్లకు దారితీస్తుంది. జనం నేలమీద పోసిన నీళ్ళవలె సమంగా పరచుకోరు. వేదిక ముందు కిక్కిరిసి ఉంటారు. నడుమ కొంత సడలుతారు. వెనుక చెట్లనీడలో ఇద్దరు ముగ్గురుగా ముచ్చటలాడుకొంటూ ఉంటారు. అందువల్ల మైదానాన్ని భాగాలు చేసి ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క సాంద్రతను కట్టవలెను.

ఒక ఉదాహరణ. 350 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పు గల మైదానం ఉన్నదనుకొందాం. వైశాల్యం 70,000 చదరపు అడుగులు, అంటే సుమారు ఎకరం అరవై సెంట్లు. అందులో వేదికకూ కంచెలకూ వాహనాలకూ 10,000 చదరపు అడుగులు పోతే మిగిలినది 60,000. వేదిక ముందున్న నాలుగో వంతు, అనగా 15,000 చదరపు అడుగులలో జనం కిక్కిరిసి ఉన్నారు: 6,000 మంది. నడుమనున్న 30,000 చదరపు అడుగులలో ఒత్తుగా ఉన్నారు: 6,667 మంది. వెనుకనున్న 15,000 చదరపు అడుగులలో పలుచగా ఉన్నారు: 1,500 మంది. మొత్తం 14,000 పైచిలుకు. అదే మైదానాన్ని వేదికనూ వాహనాలనూ మినహాయించకుండా, ముందు వరుసలోని ఒత్తిడే అంతటా ఉన్నదనుకొని లెక్కించినవాడికి 28,000 వస్తుంది. అతడు అబద్ధమాడలేదు, కాని సభను వేదికమీద నిలబడి చూసినాడు. వేదికమీదనుంచి చూసేవారికి గుంపు ఎప్పుడూ రెట్టింపుగా కనిపించడానికి కారణం ఇదే.

ఫొటోలలోనూ ఇదే మాయ ఉన్నది. మనిషి ఎత్తులోనుంచి తీసిన ఫొటోలో ముందరి తలలు వెనుక ఖాళీలను కప్పివేస్తవి. జనం దిగంతం వరకూ ఉన్నట్లు తోస్తుంది. పైనుంచి నిట్టనిలువుగా తీసిన ఫొటోలో ఖాళీ నేల ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఫొటో ఏ వేళకు తీసినదన్నది కూడా అంత ముఖ్యం. సభ ప్రారంభానికి గంట ముందు తీసినదీ, నాయకుడు మాట్లాడుతున్నప్పుడు తీసినదీ ఒకే మైదానంలో రెండు వేరు సభలను చూపుతవి. ఫొటో అబద్ధం చెప్పదంటారు. అది అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుందన్నది మరింత నిజం.

లెక్కించవద్దన్న ఉత్తరువు

గుంపును లెక్కించడం ఎంత ప్రమాదకరమైన పనో 1995లో వాషింగ్టన్‌లో తేటతెల్లమైనది. ఆ సంవత్సరం అక్టోబరు 16న నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు లూయీ ఫరాఖాన్ పిలుపునిచ్చిన మీదట, అమెరికాలోని నల్లజాతి పురుషులు దేశం నలుమూలలనుంచి రాజధానికి తరలివచ్చినారు. ఆ ప్రదర్శనకు పెట్టిన పేరులోనే సంఖ్య ఉన్నది: మిలియన్ మ్యాన్ మార్చ్, అనగా పది లక్షల పురుషుల ప్రదర్శన. రాజధానిలోని ఆ విశాలమైన పచ్చికబయలు నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ శాఖ అధీనంలో ఉన్నది. అక్కడ జరిగే సభల జనసంఖ్యను అంచనా వేయడం ఆ శాఖకు ఆనవాయితీ. ఆ రోజు వచ్చినవారు నాలుగు లక్షలని అది ప్రకటించినది. నిర్వాహకులు పదిహేను నుంచి ఇరవై లక్షలన్నారు. తమను కించపరచినారని ఆగ్రహించి, కోర్టుకు పోతామని హెచ్చరించినారు.

అప్పుడు రంగంలోకి వచ్చినవాడు బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫారూఖ్ ఎల్-బాజ్. ఆయన ఈజిప్టులో పుట్టిన భూగర్భ శాస్త్రజ్ఞుడు; అపోలో యాత్రలలో మనుషులు చంద్రుడిమీద ఎక్కడ దిగవలెనో ఎంపిక చేయడంలో పాలుపంచుకొన్నవాడు. చంద్రమండలపు గుంటలనూ మిట్టలనూ ఫొటోలలో చదివిన కన్ను ఇప్పుడు భూమిమీది తలలను చదివినది. ఆకాశంనుంచి తీసిన ఫొటోలను గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోని సాంద్రతను పరీక్షించి, ఆయన బృందం చివరకు తేల్చిన అంకె సుమారు 8,37,000. అది 20 శాతం అటూ ఇటూ కావచ్చునని కూడా వారు చెప్పినారు. అంటే 6,70,000 నుంచి 10,00,000 వరకు ఎంతైనా కావచ్చును.

ఈ ఫలితం ఇరుపక్షాలనూ పూర్తిగా సంతోషపెట్టలేదు. ప్రభుత్వ శాఖ చెప్పినది సగానికి సగం తక్కువని తేలినది. నిర్వాహకులు చెప్పిన ఇరవై లక్షలు అసంభవమనీ తేలినది. దీనినుంచి నేర్చుకోదగిన పాఠం లెక్కను మెరుగుపరచుకోవలెనన్నది. కాని జరిగినది వేరు. 1996లో అమెరికా చట్టసభ ఆ శాఖకు నిధులు మంజూరు చేస్తూ, రాజధానిలో గుంపులను లెక్కించే పనికి అందులోనుంచి డబ్బు వినియోగించరాదన్నది. తూకంలో తేడా వచ్చినదని త్రాసునే పారవేసినట్లయినది. ఆనాటినుంచి ఆ పచ్చికబయలులో ప్రతి సభకూ ఎవరి అంకె వారిదే. 2017 జనవరి 20న జరిగిన అధ్యక్ష పదవీ స్వీకారోత్సవానికి వచ్చిన జనం చరిత్రలోకెల్లా అధికమని అధ్యక్షుడి ప్రతినిధి చెప్పడమూ, పైనుంచి తీసిన ఫొటోలు ఆ మాటను నిలవనీయకపోవడమూ లోకమంతా చూసినది. తప్పు లెక్క కంటె లెక్కే లేకపోవడం ఎక్కువ నష్టం. తప్పు లెక్కను దిద్దవచ్చును. లెక్క లేనిచోట గొంతు పెద్దదైనవాడిదే అంకె.

నడిచే గుంపు

ఒకచోట నిలిచిన సభకంటె నడిచిపోయే ఊరేగింపును లెక్కించడం కష్టం. అక్కడ నేల మారదు కాని మనుషులు మారుతూ ఉంటారు. కొందరు నడుమ వచ్చి చేరుతారు. కొందరు నడుమనే ఇంటికి పోతారు. ఇక్కడ చాలా వివాదాలకు మూలం ఒక చిన్న మాట తేడా. "ఒక క్షణంలో గరిష్ఠంగా ఎందరున్నారు" అన్నది ఒక ప్రశ్న. "మొదటినుంచి చివరిదాకా కనీసం కొంతసేపైనా పాల్గొన్నవారు ఎందరు" అన్నది మరొక ప్రశ్న. పోలీసులు తరచుగా మొదటిదానికి జవాబు చెబుతారు. నిర్వాహకులు రెండోదానికి చెబుతారు. ప్రశ్నలు వేరని చెప్పకుండా జవాబులను మాత్రమే పక్కపక్కన ఉంచితే, ఇద్దరిలో ఒకరు అబద్ధికుడని పాఠకుడికి తోస్తుంది.

హాంగ్‌కాంగ్‌లో 2019 జులై 1న జరిగిన ఊరేగింపు ఇందుకు మంచి నిదర్శనం. నేరారోపితులను చైనాకు అప్పగించడానికి వీలుకల్పించే బిల్లును ప్రతిఘటిస్తూ ఆ వేసవి అంతా ఆ నగరం వీధుల్లోకి వచ్చినది. ఆ రోజు నిర్వాహకులు 5,50,000 మంది వచ్చినారన్నారు. పోలీసులు గరిష్ఠంగా 1,90,000 అన్నారు. హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన గణాంక శాస్త్రజ్ఞుడు పాల్ యిప్, అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్విన్ చౌ మొదలైనవారి బృందం వీధికి అడ్డంగా ఉన్న కాలినడక వంతెనలమీద చిన్న కంప్యూటర్లను అమర్చినది. కింద నడిచిపోయేవారిని అవి తెరమీద ఒక్కొక్కరినీ గుర్తించి లెక్కించినవి. ఆ గీతను దాటకుండా నడుమనే తప్పుకొన్నవారు ఎందరుంటారో తెలుసుకోవడానికి మనుషులను ప్రశ్నించి సర్వే చేసినారు. రెంటినీ కలిపి వారు తేల్చినది 2,65,000.

ఫ్రాన్సులో కొన్ని పత్రికలూ వార్తాసంస్థలూ కలిసి ఇంకొక మార్గం తొక్కినవి. పోలీసు అంకెనూ కార్మిక సంఘాల అంకెనూ నిత్యం పక్కపక్కన వేసి విసుగెత్తి, ఒక్యురాన్స్ అనే సంస్థచేత స్వయంగా లెక్కింపజేసినవి. ఎత్తైన చోట ఒక పరికరాన్ని ఉంచి, వీధికి అడ్డంగా ఒక ఊహారేఖను గీసి, దాన్ని దాటినవారిని లెక్కించడం వారి పద్ధతి. 2018 మే 26న పారిస్‌లో జరిగిన ప్రదర్శనకు ప్రధాన కార్మిక సంఘం 80,000 మంది వచ్చినారన్నది. పోలీసులు 21,000 అన్నారు. ఈ సంస్థ లెక్క 31,700. ఇది రెండు అంకెలకు నట్టనడుమ లేదు. ఏ ఒక్కరి మాటనూ బలపరచలేదు. లెక్క నిజాయితీగా జరిగినదనడానికి అది ఒక గుర్తు.

యంత్రాలు లేనివారికీ ఒక ఉపాయం ఉన్నది. 50 అడుగుల వెడల్పు గల రోడ్డుమీద ఒక కిలోమీటరు పొడవున జనం నడుస్తున్నారనుకొందాం. నడిచేవాడికి కాళ్ళు కదపడానికి చోటు కావలెను గనుక మనిషికి 10 చదరపు అడుగులు కట్టితే, ఆ కిలోమీటరులో 16,400 మంది ఉంటారు. పది లక్షల మంది ఆ విధంగా నడిస్తే ఊరేగింపు పొడవు 61 కిలోమీటర్లు. అనగా తల ఏలూరు చేరేసరికి తోక ఇంకా విజయవాడలోనే ఉంటుంది. గంటకు 3 కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఆ ఊరేగింపు ఒక్క కూడలిని దాటడానికి 20 గంటలు పడుతుంది. ఎంత ఒత్తుగా నడిచినా దాని పొడవు 27 కిలోమీటర్లకు తగ్గదు. మధ్యాహ్నం బయలుదేరి సాయంకాలానికి ముగిసిన ఊరేగింపులో పది లక్షల మంది నడిచినారని వింటే, ఈ లెక్క తెలిసిన విద్యార్థి చిరునవ్వు నవ్వి ఊరుకొంటాడు.

ఊపిరి ఆడని చోటు

జనసాంద్రత లెక్క వాదోపవాదాలకు మాత్రమే సంబంధించినదనుకొంటే పొరపాటు. అది ప్రాణాలకు సంబంధించినది. మనిషికి రెండు చదరపు అడుగుల చోటు మాత్రమే మిగిలినప్పుడు అతడు తన ఇచ్చవచ్చినట్లు కదలలేడు. గుంపు నీటివలె అలలుగా కదులుతుంది. వెనుకవారి తోపు ముందువారి ఛాతీమీద భారమవుతుంది. ఇటువంటి దుర్ఘటనలలో చాలామంది కాళ్ళకింద పడి నలిగిపోవడంవల్ల గాక, ఊపిరి ఆడక మరణిస్తారు. 2022 డిసెంబరు 28న నెల్లూరు జిల్లా కందుకూరులో ఒక రాజకీయ సభ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో 8 మంది మరణించినారు. "ఇసుక వేస్తే రాలదు" అన్న మాట సభ నడిపేవారి చెవికి పొగడ్తగా వినిపిస్తుంది. బాధ్యత తెలిసినవాడి చెవికి అది ప్రమాద ఘంటిక. ఒక వీధిలో ఎందరు సురక్షితంగా నిలబడగలరో ముందుగా లెక్కించి, అంతకు మించినవారిని మరొక చోటికి మళ్ళించడం జనాన్ని అవమానించడం కాదు. వారిని క్షేమంగా ఇంటికి పంపడం.

సంఖ్య చెప్పనిది

ఇంత చెప్పిన తరువాత సంఖ్యకు గల హద్దులనూ చెప్పవలసి ఉన్నది. ఎరికా చెనోవెత్, మారియా స్టీఫన్ అనే ఇద్దరు పండితులు 1900 నుంచి 2006 వరకు ప్రపంచంలో సాగిన ప్రజా ఉద్యమాలను పరిశీలించి 2011లో ఒక గ్రంథం ప్రకటించినారు. దేశ జనాభాలో 3.5 శాతం మంది ఉద్ధృత దశలో చురుకుగా పాల్గొన్న ఉద్యమాలు విఫలం కాలేదన్న పరిశీలన చెనోవెత్ పేరుమీద ప్రసిద్ధికెక్కినది. హాంగ్‌కాంగ్ జనాభా సుమారు 75 లక్షలు, అందులో 3.5 శాతం 2,62,500. పైన చెప్పిన మూడు అంకెలలో పోలీసులది ఈ గీతకు దిగువన ఉన్నది. పరిశోధకులది సరిగా గీతమీద ఉన్నది. నిర్వాహకులది రెండింతలు ఉన్నది. అప్పగింతల బిల్లును ప్రభుత్వం ఆ సంవత్సరం అక్టోబరులో ఉపసంహరించుకొన్నది. కాని 2020లో జాతీయ భద్రతా చట్టం వచ్చి ఆ వీధులను నిశ్శబ్దం చేసినది. 3.5 శాతమన్నది గతాన్ని వర్ణించే మాటే గాని భవిష్యత్తుకు హామీ కాదని చెనోవెత్ స్వయంగా హెచ్చరించినది.

వచ్చినవారి సంఖ్య, రానీయబడనివారిని గురించి ఏమీ చెప్పదు. 2011 మార్చి 10న ప్రత్యేక రాష్ట్రం కోరుతూ హైదరాబాదు ట్యాంక్‌బండ్‌మీదికి పిలుపునిచ్చిన ప్రదర్శనకూ మిలియన్ మార్చ్ అనే పేరే పెట్టినారు. ముందస్తు అరెస్టులు, రాకపోకలమీద ఆంక్షలు నడిచిన ఆ రోజున కట్టమీదికి చేరగలిగినవారి తలలను మాత్రమే లెక్కించి తెలంగాణ ఆకాంక్షను కొలవబోయినవాడు మోసపోయి ఉండేవాడు. అదే విధంగా, లారీలలో ఎక్కించి తెచ్చిన జనాన్ని ఎంత సరిగా లెక్కించినా, వారి మనసులో ఏమున్నదో ఆ అంకె చెప్పదు. లెక్క తలలకే గాని తలపులకు కాదు.

1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమంనుంచి గాంధీజీ వెంట దండికి బయలుదేరిన సత్యాగ్రహులు 78 మంది. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో, తెల్లవారికి మాత్రమే అన్నం పెట్టే దుకాణపు బల్లవద్ద కూర్చుండి లేవబోమన్న నల్లజాతి విద్యార్థులు నలుగురు. వీరిని లెక్కించడానికి చదరపు అడుగులు అక్కరలేదు. ఒక ఉద్యమపు గౌరవం దానికి వచ్చినవారి సంఖ్యలో ఇమిడి ఉంటే, ఈ రెండూ చరిత్రలోకి ఎక్కేవే కావు. కనుక చిన్న సభను పెద్దదిగా చూపవలెనని ఆరాటపడేవాడు తన ఆశయంమీద తానే విశ్వాసం లేనివాడు. నాలుగు వేల మంది నిజాయితీగా వచ్చినప్పుడు నలభై వేలని చెబితే, అబద్ధమని తేలిన నాడు ఆ నాలుగు వేల మంది నిజాన్ని కూడా లోకం నమ్మదు.

బడిలో మొదలు పెట్టదగిన లెక్క

ఈ విద్యకు ఆరంభస్థానం బడి మైదానమే కావచ్చును. ప్రార్థన సమయంలో పిల్లలందరూ వరుసలలో నిలబడతారు. హాజరు పట్టీలో వారి సంఖ్య ఖచ్చితంగా ఉంటుంది. ఒక తరగతి విద్యార్థులను మేడమీదికి పంపి, పట్టీ చూడకుండా అంచనా వేయమనవచ్చును. మొదట కంటితో చూసి తోచిన అంకె వ్రాసుకోవలెను. తరువాత టేపుతో మైదానం కొలిచి, సుద్దతో పది అడుగుల గడి ఒకటి గీసి, అందులో ఎందరున్నారో లెక్కించి, గుణించవలెను. చివరకు హాజరు పట్టీతో సరిచూడవలెను. కంటి అంచనాకూ కొలత అంచనాకూ గల దూరాన్ని ఒకసారి స్వయంగా చూసిన బాలుడు పెద్దవాడైన తరువాత ఏ నాయకుడి అంకెనూ, ఏ అధికారి అంకెనూ గుడ్డిగా నమ్మడు.

అతడు నాలుగు ప్రశ్నలు అడగడం నేర్చుకొంటాడు. నేల ఎంత? ఒత్తు ఎంత? ఏ వేళకు లెక్కించినారు? లెక్కించినవారెవరు, ఏ పద్ధతిన? ఈ నాలుగింటికి జవాబు ఉన్న అంకె, అటూ ఇటూ కొంత తేడా ఉన్నప్పటికీ, ఆదరింపదగినది. "సుమారు 14,000, రెండు వేలు అటూ ఇటూ కావచ్చును" అని చెప్పినవాడు తన లెక్కకు జామీను ఇస్తున్నాడు. "లక్ష!" అని మాత్రమే చెప్పినవాడు తన కోరికను చెబుతున్నాడు.

ఎండలో నిలబడి తన మాట వినిపించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక్కడే. అతణ్ణి ఇద్దరుగా చూపడమూ, అసలు లేనట్లుగా చూపడమూ అతడికి సమానంగా అపచారమే. ఒకణ్ణి ఒకడిగా లెక్కించడం ప్రజాస్వామ్యంలో మొదటి అక్షరం. అది ఓట్ల పెట్టె దగ్గర ఎంత నిజమో వీధిలోనూ అంతే నిజం.